అరువు చుక్క

"చుక్క లేకుంటే ఇప్పుడేమైంది? కొంప మునిగిపోయిందా?" అన్నాడు దర్శన్, మూడోసారి.

అతని వేళ్ళ మధ్య నుంచి ఒక అనపగింజ, ఆ ఇంట్లోవాళ్ళ మాటలో అవరె గింజ, పొట్టు వదిలి ఎగిరి టీవీ బల్ల కిందికి పోయింది. దాన్నెవరూ వెతకలేదు. శనివారం పొద్దున. హాల్లో చాప పరిచి, బేసిన్ చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని నానిన గింజలు పితుకుతున్నారు. జనవరి నెలలో ఆ ఇంట్లో వారానికి ఒక్కసారైనా పితికిపప్పు కూర ఉండాల్సిందే. తినేది అందరూ కాబట్టి పితికేది కూడా అందరూ అని పాపక్క ఎప్పుడో తీర్మానించింది. అందరూ లేవకుండా ఒకచోట కూర్చునే పని అదొక్కటే. అందుకేనేమో ఆ ఇంటి తగవులు చాలావరకు అవరెకాయల కాలంలో, ఆ బేసిన్ చుట్టూనే తేలేవి, లేదా తేలకుండా ఉండిపోయేవి.

"మునిగిందని నేనన్లేదప్పా," అంది పాపక్క. "చుక్క ఏదీ అని అడిగినా. అంతే."

"అడిగి అడిగి పాపను ఏడిపించినావు."

"నేనేం ఏడవలేదు," అంది శ్రీజ, తల ఎత్తకుండా.

గొడవకు మూలం దర్శన్ ఫోన్లో ఉంది. శ్రీజ గీసిన ముగ్గు బొమ్మను స్కూలు వార్షికోత్సవ సంచిక ముఖచిత్రానికి ఎంపిక చేశామని ముందురోజు సాయంత్రం తల్లిదండ్రుల గ్రూపులో పెట్టారు. బొమ్మ కింద శ్రీజ పేరు, ఏడో తరగతి అని. ఆ పిల్ల అంతవరకూ పరుగుపందెంలో గానీ పాటల్లో గానీ క్విజ్‌లో గానీ దేనికీ ఎంపిక కాలేదు. గ్రూప్ ఫోటోల్లో ఎప్పుడూ రెండో వరుసలో, ఎవరిదో భుజం వెనక సగం మొహంతో ఉండేది. దర్శన్ ఆ బొమ్మను బెంగళూరు పీణ్యలో తన లేత్ షాపు పక్కన ఉండే షాపుల వాళ్ళందరికీ పంపాడు. పొద్దున్నే తల్లికి చూపించాడు. పాపక్క కళ్ళజోడు తెచ్చుకుని, బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి, నాలుగు మూలలా చూసి, "చుక్క ఏదీ?" అంది.

పాపక్క పుట్టిల్లు ముళబాగిలు దగ్గర. అక్కడ ఆమె ఎరిగిన ఆడవాళ్ళలో ఒక అలవాటు ఉండేది. ఇంకొకరి దగ్గర నేర్చుకున్న ముగ్గును తమ వాకిట్లో వేసినప్పుడు, అంతా పూర్తయ్యాక, కుడివైపు మూలన ఏ గీతకూ కలవని చుక్క ఒకటి విడిగా పెట్టేవారు. దాన్ని అరువు చుక్క అనేవారు. దారిన పోయే ఆడవాళ్ళు ఆ చుక్కను చూసి "ఎవరిదే ముగ్గు?" అని అడిగేవారు. వేసినామె పేరు చెప్పేది. చుక్క లేదంటే సొంత ముగ్గన్నమాట. పెళ్ళయి బెంగళూరు వచ్చాక పాపక్క ఆ అలవాటును తన వీధికి అంటించింది. పొలాలు పోయి షెడ్లు లేచినా, వాకిళ్ళు కుదించుకుపోయి స్కూటర్ల స్టాండ్లయినా, ఆ వీధిలో కొందరు ఇప్పటికీ చుక్క పెడతారు.

శ్రీజ గీసింది దారం రీళ్ళ ముగ్గు. అది పాపక్కది కాదు. ఇంటి వెనక పోర్షన్లో చాలాకాలం అద్దెకున్న పుష్పావతిది. పుష్పావతి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో టైలరు. కంపెనీ మారి హెబ్బగోడికి వెళ్ళిపోయింది. వెళ్ళకముందు ఒక ధనుర్మాసంలో తన తలలోంచి తీసి వేసిన ముగ్గది. చుట్టూ దారం రీళ్ళు, ఒక్కొక్క రీలు నుంచి ఒక్కొక్క దారం నడిమికి వచ్చి పువ్వుగా ముడిపడుతుంది. ఒక్క దారం మాత్రం నడిమికి రాకుండా బయటికి పోతుంది.

"నేను పెట్టినానవ్వా చుక్క," అంది శ్రీజ. "డ్రాయింగ్ సార్ చూసి, ఇదేంది ఎక్స్‌ట్రా పడింది, రబ్ చెయ్ అన్నారు. చేసేసినా."

"ఎందుకు పెట్టినావో చెప్పలేకపోయినావా?" అని అడిగింది వాళ్ళమ్మ సుమ. అంతసేపటికి ఆమె మాట్లాడింది అదే.

"ఆయన వింటే కదమ్మా. ఆయన ఆ రీళ్ళను డమరుకాలు అంటున్నారు."

"డమరుకాలా?" తాత తిమ్మరాయప్ప చేతిలోని గింజలు బేసిన్లో వదిలేసి నవ్వాడు. "రీలుకు రెండు పక్కలా బిళ్ళ, నడిమిన సన్నం. అవునప్పా, డమరుకమే! పుష్పావతి వింటే మిషన్ ఆపి నవ్వుతుంది."

"నవ్వితే నవ్వనీ. ముగ్గుకు ఓనరేంది నాయనా?" అన్నాడు దర్శన్. "లోకంలో ఆడోళ్ళంతా ఒకర్ని చూసి ఒకరు వేసేదే. దానికింత గలాటా! పాప బొమ్మ మొదటిసారి సెలెక్టయింది. సుమ్నె, ఊరికే ఉండలేరా మీరు?"

"సోమవారం నేను ఐదో తరగతికి చెప్పాల్సిన పాఠం ఇదే," అంది సుమ.

"అదీ! ఇప్పుడొచ్చింది అసలు సంగతి. టీచరమ్మ పాఠం పెట్టుకుంది. దానికి నా బిడ్డ బొమ్మ పోవల్ల."

"నీ ఒక్కడి బిడ్డా?"

దర్శన్ పొట్టు గిన్నె ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె ఇంకా సగం కూడా నిండలేదు.

* * *

సుమది హిందూపురం. పీణ్యలోని ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతి టీచరు. శ్రీజ చదివేదీ అదే స్కూలు. దసరా సెలవుల తర్వాత 'నాకు నచ్చిన పక్షి' అని ప్రాజెక్టు ఇస్తే సగం తరగతి ఒకే లకుముకిపిట్ట బొమ్మ తెచ్చింది. అన్నిటిలోనూ పిట్ట పొట్ట మీద ఏదో వెబ్‌సైట్ పేరు అడ్డంగా తెల్లగా ఉంది. ఒక పిల్లాడు ఆ పేరు కనపడకుండా పిట్ట పొట్టకు నీలం స్కెచ్ పెన్ పూశాడు. ప్రిన్సిపాల్ వరూధిని మేడమ్ ఆ ప్రాజెక్టులను బల్ల మీద పేర్చుకుని, సుమను పిలిపించి, "వీళ్ళకి కాపీరైట్ అంటే ఏమిటో ఎవరైనా చెప్పాలి. మీరు చెప్పండి," అంది. సోమవారాల చివరి పీరియడ్ దానికి కేటాయించారు.

సుమకూ అంతకుముందు పెద్దగా తెలియదు. పుస్తకాల మొదటి పేజీలో సి అక్షరం చుట్టూ సున్నా చూసింది, అంతే. కూర్చుని చదువుకుంది. బొమ్మ గీసినా, కథ రాసినా, ఆ క్షణం నుంచే హక్కు గీసినవాళ్ళదే, రాసినవాళ్ళదే. ఎక్కడా నమోదు చేయించనక్కరలేదు. ఆ సున్నా గుర్తు లేకపోయినా హక్కు పోదు. ఆలోచన ఎవరి సొత్తూ కాదు. దానికి ఒకరు ఇచ్చిన రూపం వాళ్ళది. పిట్టను ఎవరైనా గీయొచ్చు. ఈ ఫోటో మాత్రం ఫలానావాళ్ళది. చదివితే ఇవన్నీ తేలిగ్గానే ఉన్నాయి. పదేళ్ళ పిల్లల ముందు నిలబడి చెప్పేటప్పుడే తేలిగ్గా లేవు.

మొదటి సోమవారం ఆమె పెన్సిలు ఉదాహరణ చెప్పింది. పక్కవాళ్ళ పెన్సిలు అడగకుండా తీసుకోవచ్చా? కూడదని తరగతంతా ఒకే గొంతుతో అరిచింది. అలాగే బొమ్మ కూడా, అని సుమ అనగానే ఫాతిమా చెయ్యెత్తింది.

"పెన్సిల్ తీసుకుంటే వాళ్ళ దగ్గర ఉండదు మిస్. బొమ్మ తీసుకుంటే వాళ్ళ దగ్గర ఇంకా ఉంటుంది కదా?"

సుమ చేతి గడియారం చూసుకుంది. గంట కొట్టడం మంచిదైంది.

రెండో సోమవారం ఆమె ఏమీ చెప్పలేదు. అందర్నీ ఒక్కో బొమ్మ గీయమంది. పూర్తయ్యాక పక్కవాళ్ళతో మార్చుకోమంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న బొమ్మ కింద మీ పేరు రాసి నాకివ్వండి, గోడకు అంటిస్తాను, అంది. గది గోలగోలైంది. తన క్రికెట్ బ్యాటు బొమ్మ మీద ఇంకొకడి పేరు పడగానే కౌశల్ లేచి నిలబడి, "మిస్, వాడికి బ్యాటు పట్టుకునేది కూడా రాదు!" అని అరిచాడు. బొమ్మలు ఎక్కడికీ పోలేదు, ఎవరివి వాళ్ళ కళ్ళ ముందే ఉన్నాయి, మరి ఎందుకు అరుస్తున్నారని సుమ అడిగింది. చివరికి ఫాతిమాయే, "గీసేటప్పుడు కష్టపడింది నేను మిస్. చూసేవాళ్ళు వాణ్ణి మెచ్చుకుంటారు," అంది.

ఆ రోజు సుమ సంతోషంగానే ఇంటికి వచ్చింది. మూడో పాఠం అనుమతి గురించి. పేరు పెట్టడం వేరు, అడగడం వేరు అని చెప్పాలి. శనివారం పొద్దున పాపక్క చుక్క ఏదీ అని అడిగే సమయానికి ఆ పాఠం ఆమె మనసులో సగం తయారై ఉంది.

* * *

ఆదివారం మధ్యాహ్నం శ్రీజ మంచం మీద బోర్లా పడుకుని ఏదో రాస్తోంది. ముఖచిత్రానికి ఎంపికైన పిల్లలు అసెంబ్లీలో రెండు నిమిషాలు మాట్లాడటం ఆ స్కూల్లో ఆనవాయితీ. బుధవారం పొద్దున అసెంబ్లీ, అదే రోజు సంచిక ప్రెస్సుకు వెళ్తుంది. డమరుకాన్ని ఎందుకు ఎంచుకున్నావో చెప్పమన్నారు డ్రాయింగ్ సార్.

"చదువు, వింటాం," అన్నాడు తిమ్మరాయప్ప.

శ్రీజ ఇంగ్లీషులో చదివింది. శివుడు, నాదం, సృష్టి, లయ. తిమ్మరాయప్పకు సగం అర్థమైంది.

"బాగుండాది. ఎవరు రాసినారు?"

"గూగుల్," అంది శ్రీజ. చెప్పాక తానే ఒక నిమిషం ఆ కాగితం వైపు చూసి, మడిచి దిండు కింద పెట్టింది. లేచి పాపక్క దగ్గరికి వచ్చింది. పాపక్క, సుమ వంటింటి గడప దగ్గర కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు.

"అవ్వా, ఆ ఒక్క దారం బయటికెందుకు పోతుంది?"

"ఏ దారం?"

"ముగ్గులో. అన్నీ నడిమికి వస్తాయి, ఒకటి రాదు కదా."

పాపక్క ఆలోచించింది. "తెలీదే. ఆయమ్మకే తెలుసు. ఎన్నిసార్లు వేసినా నేనడగలేదు చూడు."

"మరి నేనేం చెప్పల్ల అసెంబ్లీలో?"

శ్రీజ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

"సుమా," అంది పాపక్క తర్వాత. "ఆ సారుకు చెప్పి చుక్క పెట్టించేస్తే పోతుంది కదమ్మా. మళ్ళీ మాటుండదు."

"ఆ చుక్కంటే ఏమిటో ఈ వీధి దాటితే ఎవరికి తెలుసత్తా? పక్కన శ్రీజ పేరుంటుంది. చుక్కను చూసి, ఎవరిదని అడిగేవాళ్ళెవరు?"

"అయితే పుష్పావతి పేరే వేయమను."

"పేరు వేసేది ఒకటి. ఆమెను అడిగేది ఒకటి."

"నన్ను అడిగింది కదా పాప. నేనే నేర్పించినా."

"మీకు ఇచ్చింది ఆమె. దేనికిచ్చింది?"

పాపక్క చేతులు ఆగాయి. "దేనికంటే? ముగ్గు దేనికిస్తారు? వాకిట్లో వేసుకో అక్కా అనింది. చుక్క పెట్టు, మరవద్దు అని నవ్వింది."

"వాకిలికిచ్చింది. వాకిట్లో వేసింది సాయంత్రానికి బండ్లు తొక్కి పోతుంది. ఇది అచ్చవుతుంది. ప్రతి పిల్ల ఇంటికీ ఒక పుస్తకం పోతుంది. వాళ్ళలో ఎవరో మళ్ళీ ఇంకెక్కడో వేస్తారు, శ్రీజ బొమ్మ అని. ఆమె ఒప్పుకోదని కాదత్తా. ఒప్పుకుంటుందేమో. ఎవరూ అడగలేదు, అంతే."

"అంటే నేను నా మనవరాలికి నేర్పింది దొంగతనమంటావు."

"అట్లా అనలేదు."

"అన్లేదులే. అర్థమైంది." పాపక్క చాట పక్కకు పెట్టి, చేతులు కడుక్కుని మిద్దె మీదికి వెళ్ళింది. అక్కడ ఎండబెట్టినవేమీ లేవు. చాలాసేపు దిగిరాలేదు.

దర్శన్ ఈ మాటలన్నీ హాల్లోంచి విన్నాడు. "ఇంత రామాయణమెందుకు? ఫోన్ నెంబరుండాది కదా. నేనే ఫోన్ చేసి, అక్కా ఇట్లా అంటే, సరేప్పా అంటుంది. రెండు నిమిషాల పని."

అతను వాకిట్లోకి వచ్చి, ఆ మాట మిద్దె మీద ఉన్న తల్లికీ వినిపించేలా అన్నాడు. ఆమె పిట్టగోడ మీది నుంచి వంగి చూసింది.

"ముగ్గు ఫోన్లో అడగరప్పా. పసుపు కుంకం తీసుకుని, వాళ్ళ వాకిట్లో నిలబడి అడగల్ల."

"అయితే పోయి అడుగు."

పాపక్క తల వెనక్కి తీసుకుంది. సంగతి అందరికీ తెలుసు. హెబ్బగోడిలో కొత్త ఇంట్లో పాలు పొంగించేటప్పుడు రమ్మని పుష్పావతి పిలిచింది. ఊరికి ఈ చివర నుంచి ఆ చివరికి, మూడు బస్సులు మారాలి, ఎండ, మోకాళ్ళు అని పాపక్క వెళ్ళలేదు. వెళ్ళలేదని ఫోన్ చేసి కూడా చెప్పలేదు. ఆ తర్వాత పుష్పావతి ఫోన్లూ తగ్గిపోయాయి. ఇప్పుడు ముగ్గు కోసం ఆ వాకిట్లో నిలబడాలంటే ముందు వేరే మాట చెప్పుకోవాల్సి వస్తుంది.

సాయంత్రం సుమ బట్టలు మడతపెడుతుంటే శ్రీజ వచ్చి తలుపు దగ్గర ఆగింది.

"అమ్మా, నువ్వు వరూధిని మేడమ్‌కి చెప్పేస్తావా?"

"చెప్పను. బొమ్మ నువ్విచ్చావు. చెప్పేది ఉంటే నువ్వే చెప్పాలి."

"చెప్పకపోతే?"

సుమ ఒక చొక్కా మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ పెట్టింది. "నన్నెవరైనా అడిగితే అబద్ధం చెప్పను. అంతే నేను చేయగలిగింది."

"నా పేరు అట్ట మీద ఎప్పుడూ రాలేదమ్మా."

"తెలుసు."

"మళ్ళీ రాదేమో కూడా."

"రాకపోవచ్చు," అంది సుమ. ఇంకేదైనా అనాల్సిందని ఆ తర్వాత ఆమెకు అనిపించింది. అప్పటికి శ్రీజ వెళ్ళిపోయింది.

* * *

సోమవారం చివరి పీరియడ్. పాఠం ఎప్పటిలాగే ఇంగ్లీషులో మొదలై కన్నడలోకి జారి, తెలుగు పిల్లలు మాట్లాడినప్పుడు తెలుగులోకి వచ్చింది. సుమ బోర్డు మీద రెండు మాటలు రాసింది. చెప్పడం. అడగడం. ఎవరిదో చెప్పడం ఒకటి, వాడుకోవచ్చునా అని అడగడం ఒకటి. ఒకటి చేస్తే రెండోది చేసినట్టు కాదు. లకుముకిపిట్ట ఫోటో కింద తీసినాయన పేరు రాస్తే మంచిదే, కానీ దాన్ని అచ్చు వేసి అమ్ముకోవాలంటే ఆయన్ని అడగాలి. క్లాసులో పాఠం కోసం చూపించుకుంటే ఫరవాలేదు. ఒక పనికి ఇచ్చినది ఇంకో పనికి వాడుకోవాలంటే మళ్ళీ అడగాలి.

"మిస్, నా సైకిల్ పార్కు దాకా పోయేదానికి ఇచ్చినాను, వాడు మెట్రో స్టేషన్ దాకా పోయినాడు. అట్లనా?" అన్నాడు ఒకడు.

"దాదాపు అట్లానే."

"మిస్," కౌశల్ లేచాడు. వాడు కూర్చుని ఏ ప్రశ్నా అడగడు. "అడిగితే వద్దంటే?"

"వద్దంటే వాడుకోకూడదు. సొంతంగా ఇంకొకటి గీసుకోవాలి."

"అయితే అడగకుండా ఉండేదే మేలు కదా మిస్. అడిగితే కదా వద్దంటారు."

తరగతంతా నవ్వింది. వాడూ నవ్వాడు. సుమ నవ్వకపోవడం చూసి ముందు బెంచీ వాళ్ళు ముందుగా ఆపేశారు.

"వద్దంటారనే భయం ఉందంటే," అంది సుమ నెమ్మదిగా, "అది వాళ్ళదని నీకు ముందే తెలుసన్నమాట."

కౌశల్ ఒక క్షణం ఆలోచించి కూర్చున్నాడు. ఫాతిమా ఆ మాటను పుస్తకంలో రాసుకుంది. పరీక్షకు వస్తుందా మిస్ అని కూడా అడిగింది. రాదని సుమ చెప్పింది.

బయటికి వచ్చేసరికి స్కూలు వ్యాన్ దగ్గర చిన్నపిల్లలు శ్రీజ చుట్టూ మూగి ఉన్నారు. నోటీసు బోర్డు మీద బొమ్మ పెట్టినప్పటి నుంచి వాళ్ళు ఆమెను 'డమరు అక్క' అంటున్నారు. ఒక పాప చేతులు రెండూ తిప్పుతూ డమరుకం మోగించి చూపిస్తోంది. శ్రీజ నవ్వుతోంది. ఆ నవ్వు ఎంతసేపు ఉంటుందో సుమ చూడదలచుకోలేదు. తల పక్కకు తిప్పుకుని వ్యాన్ ఎక్కింది.

మంగళవారం భోజనాల వేళ స్టాఫ్ రూములోకి వెళ్తూ, ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద శ్రీజ ఒంటరిగా కూర్చుని ఉండటం చూసింది. కాళ్ళు నేలకు ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. సుమ ఆగబోయి, ఆగకుండా వెళ్ళిపోయింది. సాయంత్రం వ్యాన్‌లో శ్రీజ ఏమీ చెప్పలేదు. సుమ ఏమీ అడగలేదు. నోటీసు బోర్డు మీద బొమ్మ ఉన్నచోట నాలుగు గుండుసూదులు మాత్రం మిగిలాయి.

* * *

ఆ సాయంత్రం దర్శన్ షాపు నుంచి పెందరాళే వచ్చాడు. మళ్ళీ పితికిపప్పు. పాపక్క రాగిముద్దలు కట్టి అందరి పళ్ళేల్లో పెట్టింది. ఆదివారం నుంచి ఆమె సుమతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. ఉప్పు, నీళ్ళు, గ్యాసు. తిమ్మరాయప్ప మధ్యలో కూర్చుని అటు కొన్ని మాటలు, ఇటు కొన్ని మాటలు చేరవేస్తున్నాడు.

"రేపు నేను కూడా అసెంబ్లీకి వస్తా," అన్నాడు దర్శన్ ముద్ద తుంచుతూ. "లోపలికి విడిచిపెట్టకుంటే గేటు దగ్గర నిలబడి వింటా. మైకులో వినిపిస్తుంది కదా."

"రావద్దు నాన్నా," అంది శ్రీజ. "నేను మాట్లాడటం లేదు."

"ఏం? జ్వరమా?"

"కాదు. మ్యాగజైన్ మీద నా బొమ్మ రాదు. మధ్యాహ్నం వరూధిని మేడమ్‌కి చెప్పేసినా."

దర్శన్ సుమ వైపు చూశాడు. సుమ తల అడ్డంగా ఊపింది.

"అమ్మ చెప్పలేదు. నేనే చెప్పినా. ముగ్గు నాది కాదు, పుష్పావతి ఆంటీది, ఆమెను అడగలేదు అని. డమరుకాలు కూడా కాదు, దారం రీళ్ళు అని."

"ఆమేమనింది?"

"రేపు ప్రెస్సుకి ఇవ్వల్ల, ఇప్పుడు అడిగేదానికి టైం లేదు, వేరేవాళ్ళది పెడతాం అన్నారు. ముందే చెప్పల్సింది అన్నారు. ఇంకేం అనలేదు." శ్రీజ నీళ్ళు తాగింది. "హరి గీసిన నెమలి పెడతారంట."

"నాకొక మాట చెప్పొద్దా ముందు?" దర్శన్ గొంతు పెరగలేదు. దిగిపోయింది. "షాపులో అందరికీ చూపించుకున్నానే. ఒక్క మాట అడిగి ఉంటే..."

"అడిగితే వద్దంటావు నాన్నా."

సుమ పళ్ళెంలోకి చూసుకుంది. తిమ్మరాయప్ప ఏదో అనబోయి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బయట ఎవరో స్కూటర్ స్టాండు మీద నుంచి దించి, స్టార్ట్ కాక, నెట్టుకుంటూ వెళ్ళారు.

"బేజారు చేసుకోవద్దురా," అంది పాపక్క కొడుకుతో. అని, శ్రీజ పళ్ళెంలో ఇంకో గరిటెడు కూర వేసింది. శ్రీజ వద్దనలేదు.

"అవ్వా," అంది శ్రీజ. కూరలోని గింజలు ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ, ఎవరి వైపూ చూడకుండా, మామూలు గొంతుతోనే చెప్పింది. "ఆదివారం నువ్వూ నేనూ హెబ్బగోడికి పోతాం. ఇప్పుడు మెట్రో ఉంది, ఆర్‌వీ రోడ్డులో ఒక్కసారి మారితే చాలు, లిఫ్టు కూడా ఉంటుంది. పసుపు కుంకం నువ్వు పెట్టుకో. పాలు పొంగించేదానికి రాలేదని చెప్పేది నువ్వు చెప్పు. బొమ్మ ఆంటీకి చూపించి, అడగకుండా ఇచ్చేసినానని నేను చెప్తా. వాకిట్లో వేసుకోవచ్చునా అని మళ్ళీ మొదట్నుంచి అడుగుతా. ఆ ఒక్క దారం బయటికెందుకు పోతుందో కూడా అడుగుతా."